ఐర్లాండ్‌లో లాయర్ కావాలంటే ఐరిష్ ఎంత రావాలి? ఎలా సిద్ధమవ్వాలి?

డబ్లిన్‌లో లా చదవాలనుకునే మన పిల్లలు, ఇక్కడ అడ్వొకేట్‌గా పనిచేసి భర్త ఉద్యోగం వల్లో భార్య ఉద్యోగం వల్లో అక్కడికి మారినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఐరిష్ భాష రాకపోతే లాయర్‌గా తీసుకోరంట కదా?" ఈ మాట ఎవరో ఒకరు చెప్పగానే టెన్షన్ మొదలవుతుంది. కొందరు ఆ ఒక్క భయంతోనే ఆలోచన మానుకుంటారు. మరికొందరు "అదంతా పాత కథ, ఇప్పుడేమీ లేదు" అని కొట్టిపారేస్తారు. ఈ రెండూ తప్పే. అసలు సంగతి ఏమిటో, దానికి మీరు ఏ వరుసలో సిద్ధం కావాలో ఇక్కడ రాస్తున్నాను.

డబ్లిన్ న్యాయవిద్యకీ తెలుగువాళ్లకీ పాత బంధమే ఉంది. మన నాలుగో రాష్ట్రపతి వి.వి. గిరి 1913 నుంచి 1916 వరకు అక్కడే, యూనివర్సిటీ కాలేజీలోనూ బారిస్టర్లను తయారుచేసే కింగ్స్ ఇన్స్‌లోనూ లా చదివారు. అప్పటికి ఐర్లాండ్ బ్రిటిష్ పాలనలోనే ఉంది, లాయర్లకి ఐరిష్ పరీక్ష అనేదే లేదు. ఆ నియమం స్వతంత్రం వచ్చాక, 1929లో పెట్టారు.

మొదట: పాత నియమం ఏది, ఇప్పటిది ఏది అన్నది తేల్చుకోండి

మీరు వినే భయాలన్నీ 1929 నాటి చట్టం నుంచి వచ్చినవే. బారిస్టర్‌గానీ సొలిసిటర్‌గానీ (అక్కడి రెండు రకాల లాయర్లు, తేడా రెండో అడుగులో చెబుతాను) కావాలంటే ఐరిష్‌లో తగినంత ప్రావీణ్యం ఉండాలని ఆ చట్టం చెప్పింది. తగినంత అంటే ఎంతో కూడా వివరించింది: క్లయింటు ఐరిష్‌లో చెప్పేది విని, అదే భాషలో సలహా ఇచ్చి, సాక్షిని ప్రశ్నించి, కోర్టులో జరిగేది అర్థం చేసుకోగలగాలి. కాగితం మీద ఇది చాలా పెద్ద మాట. సొలిసిటర్లకి 1954 చట్టం కింద రెండు ఐరిష్ పరీక్షలు ఉండేవి, మొదటి ఐరిష్, రెండో ఐరిష్ అని. దశాబ్దాలు గడిచేకొద్దీ ఇవి చాలామందికి మొక్కుబడిగా మారాయి. పరీక్ష పాసైనవాళ్లు ఎందరో ఉన్నా, నిజంగా ఐరిష్‌లో కేసు నడపగలిగేవాళ్లు కొద్దిమందే.

2008లో ఇంకో చట్టం తెచ్చి ఈ పద్ధతి మార్చారు. అందరికీ తప్పనిసరి అయిన ఆ ప్రావీణ్య పరీక్ష పోయింది. దాని స్థానంలో రెండు పెట్టారు. ఒకటి, శిక్షణలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఐరిష్ న్యాయ పదాల మీద, ఐరిష్‌లోని న్యాయ గ్రంథాలను అర్థం చేసుకోవడం మీద బోధన. రెండోది, ఇష్టమున్నవాళ్లకి పై స్థాయి చదువు. అందులో నెగ్గినవాళ్ల పేర్లతో ఒక రిజిస్టర్.

నా ఉద్దేశంలో ఇది మంచి మార్పు. అందరినీ ఒకే గాటన కట్టి పరీక్ష పెట్టడం కన్నా, అందరికీ కొంత నేర్పి, కొందరిని బాగా తయారుచేయడమే ఐరిష్ మాట్లాడే క్లయింటుకి ఎక్కువ మేలు.

రెండో అడుగు: ఏ ద్వారంలో నుంచి వెళ్లాలో నిర్ణయించుకోండి

ఐర్లాండ్‌లో న్యాయవాద వృత్తి రెండు పాయలు. మన దగ్గరలా ఒకే అడ్వొకేట్ వకాలత్ దాఖలు చేసి, వాదించి, ఫైలంతా చూసుకోవడం ఉండదు. క్లయింటు నేరుగా వచ్చేది సొలిసిటర్ దగ్గరికి. కోర్టులో వాదించడం ప్రధానంగా బారిస్టర్ పని.

సొలిసిటర్ కావాలంటే డబ్లిన్‌లోని బ్లాక్‌హాల్ ప్లేస్‌లో ఉన్న లా సొసైటీ ద్వారా వెళ్లాలి. ముందు ఎఫ్ఈ-1 అనే ప్రవేశ పరీక్షలు ఉంటాయి. ఎనిమిది పేపర్లు: కంపెనీ లా, రాజ్యాంగం, కాంట్రాక్ట్, క్రిమినల్, ఈక్విటీ, యూరోపియన్ యూనియన్ చట్టం, ఆస్తి చట్టం, టార్ట్. ఒక్కో పేపర్‌లో 50 శాతం రావాలి. వీటిలో ఐరిష్ భాష పేపర్ లేదు, ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఒక సొలిసిటర్ ఆఫీసులో రెండేళ్ల ట్రెయినింగ్ కాంట్రాక్ట్, దానితో పాటు ప్రొఫెషనల్ ప్రాక్టీస్ కోర్స్. ఐరిష్ ఎదురయ్యేది ఈ కోర్సులోనే.

బారిస్టర్ కావాలంటే 1541లో మొదలైన కింగ్స్ ఇన్స్‌లో చేరాలి. అక్కడి ప్రవేశ పరీక్ష అయిదు సబ్జెక్టులు: కాంట్రాక్ట్, క్రిమినల్, ఐరిష్ రాజ్యాంగం, సాక్ష్యం, టార్ట్. ఇక్కడా ఐరిష్ భాష పేపర్ లేదు. చేరాక డిగ్రీలో భాగంగా ఐరిష్ న్యాయ పదజాలం కోర్సు ఉంటుంది.

ఇండియాలో ఎన్‌రోల్ అయిన అడ్వొకేట్లు ఒక్క పని చేయాలి. విదేశీ లాయర్లకి లా సొసైటీ పెట్టే బదిలీ పరీక్ష కొన్ని దేశాల, కొన్ని రాష్ట్రాల లాయర్లకి మాత్రమే తెరిచి ఉంటుంది. ఫీజు కట్టేముందు ఆ జాబితాలో మీరు ఎన్‌రోల్ అయిన చోటు ఉందో లేదో చూసుకోండి. కన్సల్టెన్సీ మాట మీద కాకుండా లా సొసైటీ రాతపూర్వకంగా ఇచ్చే జవాబు మీదే నమ్మకం పెట్టుకోండి.

మూడో అడుగు: ఇంట్లో స్కూలు పిల్లలుంటే ఇది చదవండి

ఐరిష్ అడ్డం వచ్చేది నిజానికి లా కన్నా ముందు. ఐర్లాండ్ స్కూళ్లలో ఐరిష్ తప్పనిసరి సబ్జెక్టు. వేరే దేశంలో చదివి పన్నెండేళ్ల వయసు దాటాక అక్కడి స్కూల్లో చేరిన పిల్లలకి మినహాయింపు దొరికే వీలుంది. దానికి స్కూలు ప్రిన్సిపాల్‌కి దరఖాస్తు పెట్టాలి. మంజూరైతే సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని పాస్‌పోర్టంత భద్రంగా దాచండి.

ఎందుకంటే యూసీడీ (యూనివర్సిటీ కాలేజీ డబ్లిన్), కార్క్, గాల్వే, మేనూత్ యూనివర్సిటీలు నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లాండ్ కిందవి. అక్కడ డిగ్రీలో చేరాలంటే లీవింగ్ సర్టిఫికెట్‌లో, అంటే స్కూలు చివరి పరీక్షలో, ఐరిష్ పాసై ఉండాలన్న షరతు ఉంది. విదేశంలో పుట్టినవాళ్లకి, చిన్నప్పుడు విదేశంలో చదివినవాళ్లకి మినహాయింపులున్నాయి కానీ, స్కూలు ఇచ్చింది కదా అని అది తనంతట తాను యూనివర్సిటీకి వర్తించదు. విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఆఖరి ఏడాది దాకా ఆగకుండా ఒక ఏడాది ముందే ఈ పని ముగించండి.

ఒక మాట మాత్రం మనసులో ఉంచుకోండి. మీ అమ్మాయికో అబ్బాయికో లా మీద నిజంగా ఇష్టముంటే, మినహాయింపు దొరుకుతుంది కాబట్టి తీసేసుకుందామని తొందరపడకండి. పదమూడేళ్లకి నేర్చుకున్న భాష ముప్పై ఏళ్లకి వాళ్లకి ఎంత పనికొస్తుందో మనం ఇప్పుడు లెక్కగట్టలేం.

నాలుగో అడుగు: తప్పనిసరి కోర్సు మీ నుంచి ఏం కోరుతుందో తెలుసుకోండి

మీరు ఐరిష్‌లో వాదించాలని ఈ కోర్సు అడగదు. ఒక మనిషి వచ్చి తన కేసు ఐరిష్‌లో నడవాలని కోరితే, ఆ మనిషికి ఏ సేవ కావాలో మీరు గుర్తుపట్టగలగాలి. ఆ సేవ మీరే ఇవ్వగలిగితే ఇవ్వాలి, లేకపోతే ఇవ్వగలిగే లాయర్‌కి సరిగ్గా అప్పగించాలి. కోర్సు ఉద్దేశం ఇంతే.

ఇంతే అన్నాను కానీ, ఇది చిన్న పని కాదు. మన హైకోర్టులో తన భూమి కేసు నడుస్తుంటే, ఇంగ్లిష్‌లో ఏం మాట్లాడుకుంటున్నారో తెలియక వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చునే రైతును చూసినవాళ్లకి ఈ నియమం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కేసు ఆయనది, పొలం ఆయనది, భాష మాత్రం ఆయనది కాదు. ఐర్లాండ్‌లో 2022 జనగణన ప్రకారం ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు 18 లక్షలకి పైనే. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం దాదాపు 72 వేల మంది. ఆ 72 వేల మందిలో ఒకరు రేపు మీ ఎదుటి కుర్చీలో కూర్చోవచ్చు.

చట్టం ఆ మనిషి వైపే ఉంది. రాజ్యాంగం ఎనిమిదో అధికరణం ప్రకారం ఐరిష్ జాతీయ భాష, మొదటి అధికార భాష. ఇంగ్లిష్‌ది రెండో స్థానం. 2003 నాటి అధికార భాషల చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం ఏ కోర్టులోనైనా, ఏ పత్రంలోనైనా ఈ రెండు భాషల్లో దేన్నైనా వాడే హక్కు ఉంది. సివిల్ కేసులో ఎదుటి పక్షం ప్రభుత్వమో ప్రభుత్వ సంస్థో అయితే, అవతలి మనిషి ఎంచుకున్న భాషనే ఆ సంస్థ వాడాలి. ఈ ఎనిమిదో సెక్షన్ మీకు నిద్రలో లేపి అడిగినా నోటికి రావాలి.

అయితే ఈ హక్కుకీ హద్దులున్నాయి. ఐరిష్, ఇంగ్లిష్ రెండూ వచ్చిన జ్యూరీయే కావాలని ఒక ముద్దాయి కోరితే, 2014లో ఓ మాకిన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి హక్కు లేదంది. క్లయింటుకి మాట ఇచ్చేముందు ఈ తీర్పు చదవండి. ఉత్తర ఐర్లాండ్‌ని కూడా దీనితో కలపకండి. అది వేరే న్యాయ వ్యవస్థ. అక్కడ కోర్టుల్లో ఐరిష్ వాడకూడదన్న 1737 నాటి చట్టాన్ని రద్దు చేసే చట్టం 2022లో గానీ రాలేదు.

అయిదో అడుగు: భాష మొదలుపెట్టండి

కోర్సు మొదలయ్యే రోజు దాకా ఆగకండి. ఆరు నెలల ముందు నుంచి రోజుకి అరగంట పెడితే క్లాసులో మీరు బెదిరిపోరు. తెలుగువాళ్లకి ఇక్కడ అనుకోని లాభాలున్నాయి. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటే అవి కనబడవు, తెలుగు మీదుగా చూస్తే కనబడతాయి.

ముందు శబ్దాలు. ఐరిష్‌లో ఒక రకం త, ద మన త, ద లాగే నాలుక పళ్లకి తగిలి పలుకుతాయి. ఇంగ్లిష్ వాళ్లు వాటిని ట, డ చేస్తారు, మనకి ఆ కష్టం లేదు. సొలిసిటర్‌ని 'అతూర్నే' అంటారు, త తోనే. గొంతులో నుంచి రాసుకుంటూ వచ్చే ఖ ఒకటుంది, హైదరాబాద్‌లో పెరిగినవాళ్లు 'ఖబర్' అన్నప్పుడు ఉర్దూ పద్ధతిలో పలికే ఖ అది. అచ్చు మీద ఏటవాలు గీత ఉంటే దీర్ఘం. గీత మరిచిపోతే మాట మారిపోతుంది, మనం దీర్ఘం మరిచిపోతే మారినట్టే. కాబట్టి నోట్‌బుక్‌లో ప్రతి పదం పక్కన ఉచ్చారణని తెలుగు లిపిలో రాసుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ అలవాటుతో ఐరిష్‌ని చదవబోతే నోరు తిరగదు.

తర్వాత అందరూ తడబడే చోటు: పదం మొదటి అక్షరం మారిపోవడం. కోర్టును 'కూర్ట్' అంటారు. 'ఆ కోర్టు' అనాలంటే 'అన్ ఖూర్ట్', 'కోర్టులో' అనాలంటే 'ఇ గూర్ట్'. కొత్తవాళ్లు ఇవి మూడు వేరువేరు పదాలనుకుంటారు. మీరు స్కూల్లో గసడదవాదేశ సంధి చదివారు కదా, వాడు, కొట్టె కలిసి 'వాడు గొట్టె' అయినట్టు. ముందున్న మాటను బట్టి పరుషం మెత్తబడటం మన చెవికి కొత్త కాదు. ఐరిష్ రాతలో ఇంకో సౌకర్యం ఉంది, అసలు అక్షరం ఎక్కడికీ పోదు. గ శబ్దం వచ్చిన చోట సీ ముందు జీ చేరుస్తారు, ఖ శబ్దం వచ్చిన చోట సీ పక్కన హెచ్ పెడతారు. నిఘంటువులో వెతికేటప్పుడు ఆ జీని, హెచ్‌ని తీసేసి చూడండి, పదం దొరుకుతుంది.

వాక్యంలో క్రియ ముందు వస్తుంది, మనకి చివర వస్తుంది. ఇది అలవాటు కావడానికి సమయం పడుతుంది. కానీ 'నాకు ప్రశ్న ఉంది' అనడానికి ఐరిష్‌లో 'తా కెష్ట్ అగమ్' అంటారు. మాటకి మాట చూస్తే 'ఉంది, ప్రశ్న, నా దగ్గర'. మనలాగే 'కలిగి ఉండటం' అనే క్రియ వాళ్లకీ లేదు. అవును, కాదు అనడానికి విడి మాటలూ లేవు. 'అన్ దిగన్ తూ?' అంటే 'అర్థమవుతోందా?'. జవాబు 'తిగిమ్', అర్థమవుతోంది. లేకపోతే 'నీ హిగిమ్', అర్థం కావడం లేదు. 'వస్తావా?' అంటే మనం 'వస్తాను', 'రాను' అంటామే, అదే పద్ధతి. పైగా ఈ ఒక్క క్రియలో త, ద, హ మూడూ చూశారు. లాయర్‌కి ఇంతకన్నా పనికొచ్చే మొదటి వాక్యం ఇంకొకటి లేదు, అందుకని దీనితోనే మొదలుపెట్టమంటాను.

న్యాయ పదాలు గుంపులుగా నేర్చుకోండి, పదం లోపల ఏముందో చూస్తూ. రాజ్యాంగాన్ని 'బున్రఖ్త్' అంటారు. 'బున్' అంటే అడుగు, మూలం. 'రఖ్త్' అంటే శాసనం. మూలశాసనం అన్నమాట. వాది పేరు 'గ్యరానీ', ఫిర్యాదు అనే మాట నుంచి వచ్చింది, మన ఫిర్యాది లాగే. ప్రతివాది 'కొసంతోర్', కాపాడుకునేవాడు. ఈ మాటలు గాలికి పుట్టినవి కావు. ఐరిష్ న్యాయ పదాలను స్థిరపరచడానికే 1945లో ఒక చట్టం చేసి కమిటీ వేశారు. ఆధునిక పరిభాషకి 'టేర్మా' అనే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు ఉంది, దాన్ని ఫోన్‌లో పెట్టుకోండి.

చదవడానికి అన్నిటికన్నా మంచి పుస్తకం రాజ్యాంగమే. ఎడమ పేజీలో ఐరిష్, కుడి పేజీలో ఇంగ్లిష్ ఉంటాయి. రోజుకి ఒక అధికరణం రెండు పక్కలా చదవండి. పన్నెండో అధికరణం దగ్గర ఒక్క రోజు ఎక్కువ ఆగండి. అధ్యక్షుడి వయసు గురించి ఇంగ్లిష్‌లో ఉన్న మాటను ముప్పై అయిదో ఏట అడుగుపెట్టడం అని తీసుకోవచ్చు, అంటే ముప్పై నాలుగు నిండితే చాలు. ఐరిష్‌లో ముప్పై అయిదు నిండాలని స్పష్టంగా ఉంది. రెండూ పొసగకపోతే ఐరిష్ పాఠమే చెల్లుతుందని రాజ్యాంగమే చెబుతోంది. ఇంగ్లిష్ ఒక్కటే చదివిన లాయర్ ఇక్కడ తప్పు సలహా ఇస్తాడు. ఐరిష్ ఎందుకు నేర్చుకోవాలని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ ఒక్క వాక్యమే.

చెవికి అలవాటు పడాలంటే రేడియో న గేల్‌తఖ్త వినండి, టీజీ4 చానల్‌లో వార్తలు చూడండి. మన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్ యాసలు మూడూ వేరు, కృష్ణా జిల్లా మాట, కరీంనగర్ మాట వేరైనట్టే. ఏదో ఒక యాస పట్టుకుని అందులోనే ఉండండి. క్లాసులు కావాలంటే డబ్లిన్‌లో కొన్రా న గేల్గె సంస్థ నడుపుతుంది. వీలైతే ఒక వారం కొనమారాలోనో డొనెగల్‌లోనో ఐరిష్ మాట్లాడే ఊళ్లో ఉండి రండి. పుస్తకంతో ఆరు నెలల్లో రానిది అక్కడి టీ దుకాణంలో వస్తుంది.

ఆరో అడుగు: ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే

లా సొసైటీ ఏడాదికి రెండుసార్లు ఐరిష్‌లో ప్రాక్టీస్ చేయగలిగే స్థాయిని చూసే పరీక్ష పెడుతుంది. పాసైనవాళ్ల పేర్లు 'క్లార్ న గేల్గె' అనే రిజిస్టర్‌లో చేరతాయి. కింగ్స్ ఇన్స్‌లోనూ పై స్థాయి ఐరిష్ కోర్సులున్నాయి. మీ స్థాయి ఎంతో తెలుసుకోవడానికి మేనూత్ యూనివర్సిటీ పెట్టే టీఈజీ పరీక్షలు మంచి కొలత.

దీనికి ఇంకో దారి కూడా కలుస్తుంది. 2007 జనవరి 1 నుంచి ఐరిష్ యూరోపియన్ యూనియన్ అధికార భాష. అనువాదం చేసేవాళ్లు చాలక మొదట్లో కొన్ని సడలింపులిచ్చారు, అవి 2022 జనవరి 1తో ముగిశాయి. అప్పటి నుంచి ఐరిష్, న్యాయశాస్త్రం రెండూ వచ్చిన న్యాయ భాషావేత్తల అవసరం లక్సెంబర్గ్‌లో, బ్రస్సెల్స్‌లో పెరిగింది. అయితే ఉద్యోగం కోసమే అయితే ఈ స్థాయి దాకా రావడం కష్టం. భాష మీద ప్రేమ ఉండాలి.

చివరి అడుగు: ఐరిష్‌లో మాట్లాడే క్లయింటు వచ్చిన రోజు

మీ ఐరిష్ ఎంత తక్కువైనా పలకరింపు ఐరిష్‌లోనే చేయండి. కేసు ఏ భాషలో నడవాలో మొదటి భేటీలోనే అడిగి, జవాబు ఫైల్‌లో రాయండి. "మీకు ఇంగ్లిష్ వచ్చు కదా" అని మాత్రం అనకండి. వచ్చి ఉండవచ్చు, అయినా ఎంచుకునే హక్కు వాళ్లది. మీ వల్ల కాకపోతే ఆ రోజే ఒప్పుకుని, రిజిస్టర్ తీసి రెండు మూడు పేర్లు రాసివ్వండి. గడువులేమైనా దగ్గర పడుతుంటే తేదీలతో సహా ఆ కొత్త లాయర్‌కి చెప్పండి.

పేరు దగ్గర జాగ్రత్త. చాలామందికి ఐరిష్ రూపం ఒకటి, ఇంగ్లిష్ రూపం ఒకటి ఉంటాయి. ఒకే ఇంటిపేరు మగవాళ్లకి 'ఓ బ్రియన్' అయితే, ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకి 'నీ వ్రియన్', ఆ ఇంటి కోడలికి 'ఈ వ్రియన్' అవుతుంది. భూమి రికార్డులో ఒక రూపం, బ్యాంకు కాగితంలో ఇంకో రూపం ఉండవచ్చు. ఏ రూపంలో రాయాలో క్లయింటునే అడగండి, స్పెల్లింగ్, దీర్ఘం గీతలతో సహా వాళ్ల చేతే రాయించుకుని, ఫైలు మీద అదే వేయండి. రెండో రూపాన్ని లోపల నోట్ చేసి రికార్డులు రెండు పేర్లతోనూ వెతకండి.